రెండువందల పదకొండు కాళ్లు

ప్రాసెసర్ చచ్చేటప్పుడు గొడవేమీ చెయ్యదు. పొగ రాదు, మంట రాదు. గోరు విరిగినంత చప్పుడు, అంతే. ఆ చప్పుడు విన్నాక ఆమె బటన్ మీది వేలు తియ్యడం కూడా మరిచిపోయి, పక్కనున్న పవర్ సప్లై పెట్టె వైపు చూసింది. ఒకటి ఉండాల్సిన చోట పన్నెండు వెలుగుతోంది.

ఒక్క వోల్టు. ప్రాసెసర్‌కి వెళ్లే దారిలో అంతకు మించి పంపకూడదు. ఆ దారిలో ఎక్కడ షార్టయిందో వెతకడానికే పొద్దుటి నుంచీ ఆమెకి సరిపోయింది. నువ్వుగింజ కంటే చిన్న కెపాసిటర్లు వందల్లో ఉన్న ల్యాప్‌టాప్ బోర్డు. దాని మీద స్పిరిట్ చల్లి, ఒక వోల్టు పంపి, ఏ గింజ మీద స్పిరిట్ ముందు ఆరిపోతుందో మైక్రోస్కోప్‌లో రెప్పవెయ్యకుండా చూసి, చివరికి దొంగని పట్టుకుంది. ఊడబెరికింది. ఇంకొక్కసారి అదే ఒక వోల్టు పంపి దారి బాగుపడిందని చూసుకుంటే సరిపోయేది. కళ్లు మండుతున్నాయని లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. నాలుగు నిమిషాలు. తిరిగొచ్చేసరికి ఎర్ర తీగ, నల్ల తీగ ఎక్కడివక్కడే ఉన్నాయి. కూర్చుంది. నొక్కింది.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

గాజు తలుపుకి అవతల, కౌంటర్ దగ్గర కూర్చున్న బావగారు తల తిప్పారు.

"నేనేనమ్మా. నా పన్నెండు వోల్టుల ఫ్యాను తిరుగుతుందో లేదో చూశా. భేషుగ్గా తిరిగింది. నీ తీగలు మళ్లీ ఎక్కడివక్కడ తగిలించే వచ్చాగా?"

కొంప ముంచింది అదే. తీగలు ఊడదీసి అలాగే వదిలేసి ఉంటే ఆమె చూసేది, అడిగేది. ఆయన మర్యాదస్తుడు. ఒకరి సరంజామా వాడుకుంటే ఉన్నది ఉన్నట్టు పెట్టాలని తెలిసినవాడు. తీగలు సర్దారు. అంకె సర్దలేదు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. షాపు పెట్టి ఆరేళ్లు. చేతులు ఆమెవి, నోరు ఆయనది. వచ్చినవాళ్లకల్లా "మా మరదలు ముట్టుకుంటే రాయి కూడా ఆన్ అవుతుంది" అని చెప్పేవారు. అలా చెబుతూనే ఆమె పట్టకారుతో పళ్లు కుట్టుకునేవారు, ఆమె స్పిరిట్‌తో కళ్లద్దాలు తుడుచుకునేవారు. "బావగారూ, నా బల్ల మీదివి తియ్యకండి" అని ఆమె ఎన్నిసార్లు మెల్లగా చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ ఆయన నవ్వేవారు. పెద్దవారు కదా అని ప్రతిసారీ ఆమె మింగేసింది.

"బోర్డు పోయింది," అంది.

"ఏ బోర్డు?"

"కాళ్లావిడ బోర్డు. పన్నెండు వోల్టులు ఇచ్చి చంపేశాం."

"నేను అంకె తిప్పానేమో గానీ, నొక్కింది నేను కాదుగా తల్లీ."

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది.

కాళ్లావిడ అంటే ఊరి చివర షెడ్డులో కృత్రిమ కాళ్లు చేసే మనిషి. యాభై దాటాయి, గోళ్ల సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి. డాక్టరమ్మా అని పిలిస్తే "డాక్టర్ని కాదు నాయనా, నేను వడ్రంగిని" అంటుంది. రెండువందల పదకొండు మంది కొలతలు ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఎవరి తొడ ఎక్కడ సన్నబడిందో, ఎవరికి ఏ పక్కన ఒరుసుకుంటుందో, కాలు అరిగితే మళ్లీ అలాంటిదే చెయ్యాలంటే ఏం కావాలో, అన్నీ అందులోనే. దాని మీద గ్లాసుడు నీళ్లు ఒలికాయి. ఇంకోచోట కాపీ లేదా అని అడిగితే, "తీద్దాం తీద్దాం అనుకుంటూనే ఉన్నానమ్మా" అంది. నాలుగింటికల్లా కొలతలతో సహా చేతిలో పెడతామని బావగారు మాటిచ్చేశారు.

ఇప్పుడు మెమరీ చిప్ ఊడదీసి వేరే బోర్డు మీద పెట్టినా తెరుచుకోదు. దాని తాళంచెవి ఆ ప్రాసెసర్‌లోనే ఉంది. ప్రాసెసర్ ఇప్పుడు ఉత్త రాయి.

బావగారు లోపలికొచ్చి గొంతు తగ్గించారు. "ఇందులో కంగారేముంది? నీళ్లు పడ్డ బోర్డు. వచ్చేటప్పటికే పోయిందని చెబుదాం. నువ్వు లోపలే ఉండు. నాలుగు మాటలు నేను చూసుకుంటా."

"పొద్దున్న బతికే ఉంది."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు."

మూల కూర్చుని కీబోర్డు మారుస్తున్న భర్త తలెత్తలేదు. "అన్నయ్య కావాలని చేశాడా ఏంటి," అన్నాడు స్క్రూతో మాట్లాడుతున్నట్టు.

"ఎవరూ కావాలని చెయ్యలేదు. నీ నోట్లో నాలుక లేకపోవడం మాత్రం కావాలనే," అంది ఆమె. ఆరేళ్లలో ఆ గొంతు ఆ గదిలో ఎవరూ వినలేదు. అతని చేతిలోని స్క్రూ కిందపడి దొర్లింది.

నాలుగు కొట్టకముందే కాళ్లావిడ వచ్చింది. బావగారు కుర్చీ లాగారు, ఫ్యాను ఆమె వైపు తిప్పారు. "కూర్చోండమ్మా. చూడండీ, నీళ్లు లోపలికంటా దిగిపోయాయి. మా ప్రయత్నం మేం చేశాం. తెచ్చేసరికే దాంట్లో..."

గాజు తలుపు గోడకి కొట్టుకుంది.

"అబద్ధం," అంది ఆమె. "పొద్దున్న బాగయ్యేదే. ఈయన అంకె మార్చారు, నేను చూసుకోకుండా నొక్కాను. కాలిపోయింది. మీ కొలతలు రావు. ఎక్కడికి తీసుకెళ్లినా రావు."

చెబుతున్నప్పుడు ఆమె చూస్తున్నది కాళ్లావిడని కాదు, బావగారి మొహాన్ని. ఆ మొహం పాలిపోతుంటే లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు.

"నొక్కేముందు అంకె చూడవా?" అంది కాళ్లావిడ.

"చూడాలి."

"చూడాలని నాకూ తెలుసు. చూశావా?"

"లేదు."

"నేను రంపం పెట్టేముందు మూడుసార్లు చూస్తా. చెక్క అయినా సరే. ఆయన్ని నా ముందు నిలబెట్టి నువ్వు పక్కకి జరుగుతున్నావేం? ఆయనది నోటి పని, చేతులు నీవి కదూ?"

ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది, ఈసారి తన మీదే. "నావే," అంది.

బావగారు అందుకున్నారు. "అమ్మా, కొత్త ల్యాప్‌టాప్ ఇప్పిస్తాం, ఇవాళే..."

"అందులో కాళ్లుంటాయా?"



కాళ్లావిడ సంచిలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీసి కౌంటర్ మీద పడేసింది. "పేర్లు, ఫోన్ నంబర్లు ఇందులో ఉన్నాయి. అందరినీ మళ్లీ కొలవాలి. వాళ్లకి నేను చెప్పను. మీరు చెప్పాలి, ఇక్కడే, నేను వింటుండగా. ఎందుకో కూడా చెప్పాలి."

"రెండువందల మందికా!" అన్నారు బావగారు.

"పదకొండు వదిలేశారు."

మరదలు షాపు ఫోనులో మొదటి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను బావగారి చేతిలో కుక్కింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "నమస్కారమండీ. కొన్ని సాంకేతిక కారణాల వల్ల మీ కాలి కొలతలు..."

"ఆ కారణం ఎవరో చెప్పండి," అంది కాళ్లావిడ కుర్చీలోంచే.

బావగారు మరదలి వైపు చూశారు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆరేళ్లుగా ఏ గిరాకీకైనా తడుముకోకుండా జవాబిచ్చిన మనిషి ఒక్క మాట కోసం చెమటలు కక్కారు.

"నేనేనండీ," అన్నారు. "నేను, మా మరదలు. మా చేతుల్లో పోయాయి."

"అంటే ఏంటయ్యా?" అవతలి మగ గొంతు లేచింది. "ఒకసారి లారీ కింద పోయింది, ఇప్పుడు మీ షాపులో పోయిందా? ఉన్న కాలు చీలిపోయి నెల్లాళ్లయింది. వచ్చే వారం కొత్తది బిగిస్తానంది ఆవిడ. నా పనికి నువ్వెళ్తావా? ఒంటికాలి మీద నిచ్చెన ఎక్కుతావా?"

అవతలివాడు తిట్టాడు. చాలాసేపు తిట్టాడు. బావగారు చెవి కమిలిపోతున్నా ఫోను పెట్టెయ్యలేదు. పెట్టేస్తే లాక్కుందామని ఆమె చెయ్యి సిద్ధంగా పెట్టుకుంది, కానీ అవసరం రాలేదు.

పుస్తకం మధ్యకి తెరిచి, అక్కడి నుంచి ఆమె తన ఫోనులో మొదలుపెట్టింది. భర్త కీబోర్డు పక్కన పెట్టి, వచ్చి పుస్తకం చివర్నుంచి అందుకున్నాడు. ఆమె అతనికి కుర్చీ ఇవ్వలేదు. నిలబడే చేశాడు.

ఆమె చేసిన మూడో ఫోను ఒక ముసలామె ఎత్తింది. అంతా ఓపిగ్గా విన్నది, తిట్టలేదు. "రెండు బస్సులు మారాలమ్మా. ఈ కాలుతో పోయినసారే దిగలేక దిగలేక దిగా. ఎప్పుడు రమ్మంటావు?"

తిట్టి ఉంటే బాగుండేదని అనిపించింది.

"మీరు రావద్దు," అంది. "ఈవిడని తీసుకుని మేమే వస్తాం. ఇల్లెక్కడో చెప్పండి."

కాళ్లావిడ మొహంలో కోపం అలాగే ఉంది. కానీ జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, కౌంటర్ మీద ఆమె వైపు నెట్టింది.