లేవని చక్రం

"ఇవాళైనా లేచిందా?" అని అడిగింది వదిన, కూర గిన్నె తెచ్చి బల్ల మీద పెడుతూ.

ఏది లేవాలో ఆ ఇంట్లో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. బుల్లి నడిపే బైకు ముందు చక్రం. కొన్ని నెలలుగా ఈ ప్రశ్న కూడా వడ్డనలో భాగమైపోయింది.

"లేచింది. జానెడు," అంది బుల్లి.

"ఎవరి జాన? చంటిపిల్లదా?" అంది అమ్మ.

అందరితోపాటు బుల్లీ నవ్వింది. నవ్వుతూనే గిన్నెను తన వైపు లాక్కుంది. గిన్నెతోపాటు కింద ఉన్న చుట్టకుదురు కూడా బరువుగా జరిగింది. అన్నయ్య తన మెకానిక్ షెడ్డు నుంచి తెచ్చిన ఏదో ఇనప తుక్కు అది. బల్ల గీరుకుపోకుండా అమ్మ దానికి మిగిలిపోయిన ఊలుతో ఆకుపచ్చ తొడుగు అల్లింది.

"మణికట్టు తిరగాలి కదా. తొందరేముంది?" అన్నాడు అన్నయ్య కంచంలోంచి తలెత్తకుండా.

"తొందరేముందా? శనివారమే కదా ఎంపిక!"

"లేవకపోతే పోనీలేవే, పెట్రోలు మాత్రం భలే ఆదా అవుతోంది," అంది వదిన. ఈసారి అమ్మకు పొలమారింది కూడా.

బుల్లి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఆ షాపు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో ఒకసారి ఆడవాళ్ల స్టంట్ బృందం ప్రదర్శన ఇచ్చింది. ఒక చక్రం మీద బైకు నడుపుతూ తన ముందు నుంచి వెళ్లిన కెప్టెన్ మొహంలో కంగారు గానీ గొప్ప గానీ లేవు. ఇంట్లో గిన్నెలు సర్దుకుంటున్నంత మామూలుగా ఉంది ఆ మొహం. బుల్లికి నచ్చింది అదే. బృందంలో ఒక చోటు ఖాళీ అవుతుందని, ముందు చక్రం లేపి, నిలిపి, తిన్నగా దించగలిగితే తీసుకుంటామని కెప్టెన్ చెప్పింది.

అమ్మ వద్దంది. అన్నయ్య రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు ఎవరో వాడి వదిలేసిన చిన్న స్పోర్ట్స్ బైకు తనే తెచ్చాడు. నేర్చుకునేవాళ్లకి సరిపోయే బండి. షెడ్డులో దాన్ని మొత్తం విప్పి బిగించాడు. చైనుతో తిరిగే వెనక పళ్ల చక్రం చూపించి, "దీన్ని స్ప్రాకెట్ అంటారు. ఇది ఎంత పెద్దదైతే బండి ముందు భాగం అంత తేలిగ్గా లేస్తుంది. నీకు పెద్దది వేస్తాను," అన్నాడు. మర్నాడు చేతులు తుడుచుకుంటూ, "వేసేశాను," అన్నాడు.

బుల్లి వంగి చూడలేదు. షాపులో కళ్లజోడుకు మేకు తలకాయంత మర బిగించినా, ఇచ్చేముందు ఇంకోసారి వేలితో కదిపి చూసే మనిషి. కానీ అన్నయ్య బిగించినదాన్ని ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ చూడరు. చిన్నప్పటి సైకిల్ నుంచి మొన్నటి వంటింటి కుళాయి దాకా, అయిందని అతను అంటే అయినట్టే.

మూతబడ్డ ఫర్నిచర్ ఫ్యాక్టరీ వెనక సిమెంటు నేల మీద సాధన. సెలవు రోజుల్లో అన్నయ్య కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. క్లచ్ వదలడం, యాక్సిలరేటర్ తిప్పడం, ఒళ్లు వెనక్కి లాగడం. చక్రం కాస్త లేచి, బద్ధకంగా కిందికి దిగేది. ఆమె ఇంకా తిప్పింది. ఇంకా లాగింది. చివరికి యాక్సిలరేటర్ మొత్తం తిప్పేసి, బావిలోంచి నిండు బక్కెట తోడుతున్నట్టు హ్యాండిల్ లాగడం అలవాటైపోయింది. చక్రం మరీ పైకి పోతే వెనక బ్రేకు తొక్కాలని తెలుసు. తొక్కాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ కాలు బ్రేకు మీద ఉన్న సంగతే మరిచిపోయింది.

తన చేతులకే ఈ విద్య రాదేమో అనిపించేది. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ల చేతులు చూసి, వీళ్లకైతే వస్తుందేమో అనుకునేది.

శనివారం బుల్లి తన బండి మీదే ఎంపికకి వెళ్లింది. కెప్టెన్ తమ బృందం బండి తాళం అందించింది. "నీ బండి లాంటిదే పిల్లా. అందరూ దీని మీదే చేయాలి, అప్పుడే న్యాయం."

బుల్లి హెల్మెట్ బిగించుకుంది. కొంత దూరం నడిపి, అలవాటు ప్రకారం మొత్తం తిప్పి, ఒళ్లంతా పెట్టి లాగింది.

బండి కింది నుంచి ఎవరో ఎత్తి విసిరినట్టు నిలువునా లేచింది. ఎదురుగా నేల లేదు, ఆకాశం ఉంది. వెనక బ్రేకు మీద కాలు కదల్లేదు. బండి ముందుకు జారిపోయింది, ఆమె వెనక్కి పడింది. ఎడమ చేతిలో ఏదో పుటుక్కుమంది.

చేతికి అట్ట కట్టి, నీళ్లు తాగించి, కెప్టెన్ పక్కన కూర్చుంది. "ఎవరు తల్లీ నీకు అంత తిప్పమని నేర్పింది? లేవని బండిని లాగినట్టు లాగావే!"

"నాది అలాగే... ఎంత తిప్పినా లేవదు."

కెప్టెన్ లేచి బుల్లి బైకు దగ్గరికెళ్లి గొంతుకు కూర్చుని వెనక చక్రం చూసింది. "ఏమ్మా, దీంతోనా నువ్వు నేర్చుకున్నది? ఈ స్ప్రాకెట్ కంపెనీ వాళ్లు ఇచ్చేదానికన్నా చిన్నది. దూరాలు పోయేవాళ్లు పెట్రోలు కలిసొస్తుందని వేయించుకుంటారు."

"కాదండీ, పెద్దదే. మా అన్నయ్య మెకానిక్. తనే వేశాడు."

కెప్టెన్ వాదించలేదు. బండెక్కి నడిపింది. క్లచ్ వదిలింది. ముందు చక్రం జానెడు లేచి బద్ధకంగా దిగింది. బుల్లికి ఆ దిగడం బాగా తెలుసు. కెప్టెన్ చేతిలోనూ అంతే దిగింది.

"నీ చెయ్యి మంచిదేనమ్మా," అంది కెప్టెన్ దిగుతూ. "కానీ ఈ చోటు ఇవాళే భర్తీ చెయ్యాలి. దెబ్బ మానాక కలువు. ఏమో, ఇంకెవరైనా తప్పుకుంటే."

అన్నయ్య వ్యాను వేసుకుని పరుగున వచ్చాడు. ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేస్తున్నంతసేపూ భుజం పట్టుకునే నిలబడ్డాడు. బుల్లి మొహం గోడ వైపు తిప్పుకుంది. నొప్పి వల్ల అనుకున్నాడు.

ఇంటికొచ్చాక వదిన అన్నీ వేడి చేసి బల్ల మీద పెట్టింది. ఆ పూట ఎవరూ లేచిందా అని అడగలేదు.

"అన్నయ్యా, నాకు వేస్తానన్న పెద్ద స్ప్రాకెట్ ఎక్కడుంది?"

వదిన చేతిలో గరిటె ఆగింది. అన్నయ్య కంచంలోకి చూశాడు. అమ్మ మాత్రం కూర గిన్నె వంక చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

బుల్లి కుడిచేత్తో గిన్నె పక్కకి జరిపింది. చుట్టకుదురు తిరగేసి ఊలు తొడుగు లాగింది. పళ్లు. చుట్టూ పళ్లు, ఒక్కటీ అరగనివి, కొత్తగా మెరుస్తూ.

"షెడ్డులో ఉంటే నీ కంటబడుతుందని..." అంది వదిన మెల్లగా. "ఊరికే పడి ఉండటమెందుకని నేనే..."

"నువ్వు అల్లావా అమ్మా దీనికి తొడుగు? తెలిసే అల్లావా?"

"నీ మీద ప్రేమ లేక అల్లానా?" అంది అమ్మ.

"నేనే చేశాను, వాళ్లనెందుకంటావు," అన్నాడు అన్నయ్య. "వద్దంటే వింటావా నువ్వు? ఇంకెవడి దగ్గరికో పోయి వేయించుకునేదానివి. కొన్నాళ్లు చూసి విసుగొచ్చి నువ్వే మానేస్తావనుకున్నా. నీకేమన్నా అయితే..."

"అయిందిగా."

అతను కంచం పక్కకి నెట్టాడు.

"సరైనది వేసుంటే నెమ్మదిగా తిప్పడం వచ్చేది. బ్రేకు తొక్కడం వచ్చేది. లేవనిదాన్ని లాగడమే వచ్చింది నాకు. నువ్వు పక్కన నిలబడి చూశావు." ఆమె వదిన వైపు తిరిగింది. "రోజూ అడిగేదానివి కదా, లేచిందా అని. లేవదని తెలిసే అడిగావా?"

వదిన కళ్లు తుడుచుకుంది. "అడక్కపోతే నీకు అనుమానం వస్తుందని."

చేతి నొప్పి ఒక్కసారిగా చిన్నదైపోయింది బుల్లికి. తన జానెడు గురించి తనే జోకులు వేసింది ఈ బల్ల దగ్గర. వీళ్లని నవ్వించాలని ఎన్నిసార్లు ఇంకా తగ్గించి చెప్పింది!

"రేపే వేస్తాను. ఒట్టు," అన్నాడు అన్నయ్య.

"నా ముందు వెయ్యి," అంది.

మర్నాడు షెడ్డులో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. అన్నయ్య వెనక చక్రం విప్పాడు, చిన్న స్ప్రాకెట్ తీసి పెద్దది పెట్టాడు. పళ్ల సందుల్లో ఆకుపచ్చ ఊలు పోగులు ఇరుక్కుని ఉంటే గోటితో తీశాడు. చైను పొడుగు పెంచాడు. మధ్యమధ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అతని చేతులనే చూస్తోంది. అంతా బిగించి, చేతులు తుడుచుకుంటూ అలవాటుగా, "అయిపోయింది," అన్నాడు.

బుల్లి కుడిచెయ్యి చాపింది. అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక స్పానర్ అందించాడు.

ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుని, బండి పక్కన కింద కూర్చుంది. మొదటి నట్టుకి స్పానర్ తగిలించి లాగి చూసింది. కదల్లేదు. రెండోది చూసింది. అన్నయ్య, బండి తీసుకోవడానికి వచ్చిన మనిషిలా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

అన్నీ బిగువుగానే ఉన్నాయి. బుల్లి మళ్లీ మొదటి నట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టింది.