కాశీలో విడిచిన బజ్జీ

మిరపకాయను నిలువునా చీల్చి, గింజలు తీసి, వాము నూరిన ముద్ద కూరి, శనగపిండిలో ముంచి నూనెలో వదలడం మనోరమకు కళ్లు మూసుకున్నా వచ్చే పనే. ఒక్క ఉప్పు చూడడమే ఆమె చేతిలో లేదు. అందుకే పిండి కలిపిన ప్రతిసారీ ఎనిమిదేళ్ల కూతురు అరుణను పిలిచి, వేలితో నాకించి, "సరిపోయిందా బిడ్డా?" అని అడుగుతుంది. మనోరమ బజ్జీ తినకూడదు. పిండి కూడా నాలుక మీద పెట్టుకోకూడదు. కాశీలో విడిచిపెట్టింది మరి.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన ఒక కాయో పండో గంగ ఒడ్డున విడిచి రావాలంటారు. పెళ్లయిన రెండో ఏడు అత్తగారితో, భర్తతో కలిసి పోయింది మనోరమ. భర్త దశరథం కాకరకాయ విడిచాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మహానుభావుడు కాకరకాయ వైపు చూసిందే లేదు. అత్తగారు కనకమ్మ పనసపండు విడిచింది. తాండూరు అంగట్లో పనసపండు కనబడితే జనం దాన్ని చూడడానికి పోతారు. మనోరమ సొరకాయ అందామని నోరు తెరిచేలోపు కనకమ్మే అందుకుంది. "మా కోడలు మిరపకాయ బజ్జీ ఇడిచిపెడ్తది పంతులూ. స్టేషన్ కాడ నిలబడి తిని మరిగిన నాలుక అది. మా సుట్టాలు కండ్లార చూసిండ్రు." బజ్జీ అంటే ఏమిటో తెలియని పంతులు నవ్వి, కాయేనేమో అనుకుని దోసిట్లో నీళ్లు పోశాడు. ఇరవై ఏళ్ల పిల్ల, ఏం మాట్లాడుతుంది? వదిలేసింది.

వదిలేసింది నోరే. కోరిక మాత్రం కదలలేదు. దశరథం బండల వ్యాపారం పెరిగేకొద్దీ సాయంత్రాలు ముందు గదిలో కూర్చునే స్నేహితులూ పెరిగారు. వాన పడితే చాలు, బజ్జీలు. నూనెలో పిండి చుయ్యిమన్నప్పుడల్లా మనోరమ నోట్లో నీళ్లూరేవి. అరుణ కడుపులో ఉన్నప్పుడు ఒకరోజు ఆ యావ తట్టుకోలేక పూజగదిలో కూర్చుని ఏడ్చింది. కనకమ్మ పాపం చింతకాయలు తెచ్చింది, పేలాలు తెచ్చింది, బజ్జీ మాట మాత్రం ఎత్తనివ్వలేదు. "మాట తప్పితే ఇంటికి కీడు" అంది. దశరథం అయితే, "తొమ్మిదేండ్లాయె, ఇంక గా యావేంది? మనసు గట్టిగ లేదు నీకు" అని మొన్ననే నలుగురి ముందూ నవ్వాడు. నిజమే కాబోలు, తన మనసే చెడ్డదేమో అని ఆమె కూడా నమ్మింది. తిండి మీద ఇంత ఆశ ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నేనా అని సిగ్గుపడింది.

ఈ శ్రావణంలో పుట్టింట్లో, వికారాబాద్‌లో, అన్న కొడుకు తొట్టెల పండుగ. తల్లీకూతుళ్లు పొద్దున రైలెక్కారు. దిగేసరికి సన్నని జల్లు పడుతోంది. తీసుకుపోతానన్న అన్న ఇంకా రాలేదు. స్టేషన్ బయట గోనెపట్టా కింద బజ్జీలమ్మే బుగ్గమ్మ పొయ్యి ఇంకా మండుతూనే ఉంది. చిన్నప్పుడు నాయిన బట్టల దుకాణం మూసి, వేలు పట్టుకుని ఇక్కడికే తెచ్చేవాడు. బుగ్గమ్మ బోర్లించిన డబ్బా మీద కూర్చోబెట్టి మోదుగాకులో పెట్టి ఇచ్చేది.

"పాండురంగం సేటు బిడ్డవు గాదూ?" బుగ్గమ్మ కళ్లు చికిలించి చూసింది. "రా, రా! బజ్జీలు ఏస్తున్న."

మనోరమ చుట్టూ చూసింది. ఇక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. కానీ పక్కన అరుణ ఉంది. కీడు అన్న మాట ఆ పిల్ల తలమీదే వేలాడుతున్నట్టు అనిపించింది.

"వద్దు బుగ్గమ్మా. కాశీల ఇడిచిపెట్టిన."

"అయ్యో నా తల్లీ! ఇడిచిపెట్టనీకి ఇంకేం దొర్కలేదా?" బుగ్గమ్మ పకపకా నవ్వింది. "ఉల్లిగడ్డ ఇడువలే గదా?"

"ఇడువలే."

"అయితె కూసో. పకోడి ఏస్త."

డబ్బా మీద కూర్చున్నదన్న మాటే గాని, అలవాటు చొప్పున మనోరమ చేయి జాలిగంటె వైపు పోయింది. బుగ్గమ్మ ఆ చేతిని మెల్లగా వెనక్కి నెట్టింది. "నీ చెయ్యి ఒళ్లె పెట్టుకో బిడ్డా. నేనిస్త."

పకోడి ఒక పక్క మాడింది. ఉప్పు ఎక్కువ. ఇంట్లో ఇలా వేస్తే దశరథం పళ్లెం పక్కకు నెట్టేసేవాడు. మనోరమ ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తింది. తింటూ ఉంటే కళ్లలో నీళ్లు ధారగా కారాయి.

"అమ్మా, కారమా?" అంది అరుణ కంగారుగా.

"కాదు బిడ్డా. వేడిగుంది."

బుగ్గమ్మ పక్కన బజ్జీల వాయి దించింది. ఘుమఘుమలు ముఖానికి కొట్టాయి. మనోరమ వాటిని చూసింది, చూసి ఊరుకుంది. నోట్లో నీళ్లూరలేదు. తొమ్మిదేళ్లలో ఇదే మొదలు. ఆమెకు ఆశ్చర్యం వేసింది. అప్పుడు లెక్క తట్టింది. కాపురానికి వచ్చి పదకొండేళ్లు. పొద్దున ఉప్మా అందరూ తిన్నాక, మధ్యాహ్నం అన్నం అడుగు మిగిలాక, జొన్నరొట్టె పెళుసెక్కాక తన వంతు. ఇన్నేళ్లలో తన కోసం ఒకరు పొయ్యి ముందు కూర్చుని, తన చేతులు ఖాళీగా ఉండగా, పొగలు కక్కేది ఒక్కటైనా చేతిలో పెట్టారా? ఇన్నాళ్లూ నాలుకను తిట్టుకుంది. పాపం, అది అడిగింది బజ్జీని కాదు.

మూడో రోజు తాండూరు చేరింది. సాయంత్రానికి మళ్లీ వాన, ముందు గది నిండా మాటలు. మొదటి వాయి బజ్జీలు పళ్లెంలో పెట్టి అరుణతో పంపింది. రెండో వాయి వేయలేదు. కోసి కలిపిన ఉల్లిగడ్డల గిన్నె పొయ్యి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చుంది.

"అత్తమ్మా, ఒక్క వాయి మీరు ఏస్తరా? నేను తింట."

కనకమ్మ గడపలోనే నిలబడిపోయింది. "నువ్వు ఇడిచిపెడ్తివి గదా?"

"బజ్జీ ఇడిచిపెట్టిన అత్తమ్మా. వేడిగ తినుడు ఇడిచిపెట్టలే."

అన్నాక మనోరమకు భయం వేసింది. అయినా లేవలేదు. కనకమ్మ కోడలి ముఖం వైపు, ఖాళీగా ఒళ్లో పెట్టుకున్న ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. పదమూడేళ్ల వయసులో ఈ పొయ్యి ముందుకు వచ్చిన మనిషి ఆమె. ఏమనుకుందో, కొంగు బిగించి జాలిగంటె అందుకుంది. చేయి అలవాటు తప్పింది, పకోడీలు ముద్దలు ముద్దలుగా పడ్డాయి.

"ఏమాయె? ఇంక రావేంది?" ముందు గదిలోంచి దశరథం కేక.

"ఆగు నాయినా," అంది కనకమ్మ తల తిప్పకుండా. "కోడలు తింటున్నది."

మనోరమ తృప్తిగా, నిదానంగా తింది. తిని లేచి, అదే పీట అత్తగారి వైపు జరిపింది. "ఇగ మీరు కూసోండ్రి."

"నాకెందుకే ఈ వయసుల," అంటూనే కనకమ్మ కూర్చుంది. కోడలు వేసిన పకోడి ఒకటి అరచేతిలో అటూ ఇటూ ఎగరేసుకుని నోట్లో పెట్టుకుంది.

"మస్తు వేడిగున్నదే," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.