స్వాతి నంబరు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా డిగ్నాబాద్ పేటలో అందరూ ఎరుగుదురు. కానీ ఆ రోజు నేను చేసింది పోర్ట్‌బ్లెయిర్‌లో అందరూ చేసేదే. ఇక్కడ ఏ వస్తువైనా ఓడలో రావాల్సిందే. లేనిది అడిగితే దుకాణంవాళ్లు నంబరు రాసుకుని, సరుకు దిగాక ఫోన్ చేస్తారు. అడగకముందే నంబరు చెప్పేయడం మాకు అలవాటు.

కోడలు స్వాతికి మూడో నెల అని తెలిసిన మర్నాడే అబర్డీన్ బజార్‌లోని పిల్లల సామాన్ల దుకాణానికి పరుగెత్తాను. ఉయ్యాలలు అయిపోయాయన్నారు. నా ఫోన్‌లో ఎప్పుడూ చార్జింగ్ ఉండదని స్వాతి నంబరు ఇచ్చాను. పురుడు ఏ నెలలోనో కూడా రాయించాను, ఎంత గొప్పగానో!

నాలుగో నెలలో కడుపు పోయింది. స్వాతి ఫోన్‌కి వచ్చే మెసేజీలు మాత్రం ఆగలేదు. ‘మీ పాపాయి ఇప్పుడు మీ గొంతు వింటుంది’ అని ఒకటి. పాలపొడి వాళ్లది మరొకటి, బీమా వాళ్లది ఇంకొకటి. ఒక నంబరు ఆపితే మరో నంబరు నుంచి వచ్చేవి. ఫోన్ మోగితే చాలు, ఆ పిల్ల ముఖం పాలిపోయేది. ఆసుపత్రివాళ్లే చెప్పి ఉంటారని స్వాతి తిట్టుకుంటుంటే నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

ఆగలేక దుకాణానికి వెళ్లాను. మేనేజర్ పూర్ణచంద్ర కౌంటర్‌లో ఉన్నాడు.

“భయ్యా, మీ లిస్టులోంచి మా కోడలి పేరు, నంబరు కొట్టెయ్. అభీ, ఇప్పుడే, నా ముందరే.”

“అది హెడ్డాఫీసులో ఉంటాది ఆంటీ. మావల్ల అవదు.”

“రాసుకోడం మాత్రం అయిందేటి? ఉయ్యాల కోసం ఇచ్చిన నంబరు పాలపొడి వాళ్లకెలా ఎల్లింది? కడుపు పోయిన పిల్లకి పాపాయి కబుర్లు పంపుతారా?”

దుకాణంలో అందరూ ఇటే చూశారు. అతను తల దించుకున్నాడు.

“మాఫ్ చెయ్యండాంటీ. నాకు తెల్దు.”

హెడ్డాఫీసుకి ఫోన్ చేసి అరగంట వాదించాడు. “తీసేస్తారంట. కానీ మీ కోడలికి ఫోన్ చేస్తారు, ఆవిడే చెప్పాలంట. చెయ్యమనీదా?”

ఆ ఫోన్ వస్తే నా నిర్వాకం బయటపడుతుంది. వద్దంటే మెసేజీలు ఆగవు.

“ఒక గంట ఆగి చెయ్యమను,” అన్నాను.

ఇంటికి వెళ్లి స్వాతి ఎదుట కూర్చున్నాను. “నీ నంబరు ఇచ్చింది నేనేనమ్మా. సంబరం ఆపుకోలేక ఇచ్చీసేను.”

స్వాతి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతలో ఫోన్ మోగింది. కళ్లు తుడుచుకుని తీసింది.

“అవును, తీసెయ్యండి. మీరు ఎవరెవరికి ఇచ్చారో వాళ్లచేత కూడా తీయించండి. తీసేసినట్టు రాసి పంపండి.”

సాయంత్రానికల్లా రాతపూర్వకంగా జవాబు వచ్చింది. అది రెండుసార్లు చదివి, స్వాతి నా వైపు తిరిగింది.

“మళ్లీ నెల తప్పినప్పుడు కూడా ముందు మీకే చెప్తాను అత్తయ్యా. నన్నడక్కుండా ఇంకెవరికీ చెప్పకండి.”

“ఒట్టు,” అన్నాను.