పావు దగ్గర ఆగిన ముల్లు

మేస్త్రికి బండ్లు బాగుచేసే ఆ షెడ్డులో ఒక విషయంలో మహా పేరు. మీటరు ముల్లు ఏదైనా సరే, ఆయన చూసి బాగుందన్నాడంటే బాగున్నట్టే. ఇంజన్లు విప్పేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు గానీ స్పీడు మీటరు, డీజిల్ మీటరు, బ్యాటరీ మీటరు అన్నీ ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా పోతున్నాయి కూడా. అందుకే వ్యాన్ల కంపెనీ నుంచి రీకాల్ ఉత్తరం వచ్చినప్పుడు మేనేజరు దాన్ని తిన్నగా ఆయన బల్ల మీదే పెట్టాడు.

సంగతి నాలుగు ముక్కల్లో ఉంది. ఫలానా మోడల్ వ్యాన్లలో, ట్యాంకు లోపల తేలుతూ డీజిల్ ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోట్ అనే భాగం పావు ట్యాంకు దగ్గర పట్టేసే అవకాశం ఉందట. అలా పట్టేస్తే డీజిల్ అంతకన్నా తగ్గినా, పూర్తిగా అయిపోయినా ముల్లు మాత్రం పావు దగ్గరే నిలబడుతుంది. బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కాబట్టి ఆ మోడల్ బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించి, ఉచితంగా ఆ భాగం మార్చి పంపాలి.

మేస్త్రి రెండోసారి చదివాడు.

ఎనిమిది నెలల కిందట ఆయన బావ, అంటే సొంత అక్క మొగుడు, ఇదే మోడల్ వ్యానుతో వంతెన మధ్యలో ఆగిపోయాడు. బావ ఆసుపత్రి వ్యాను డ్రైవరు. కిడ్నీలు పాడైనవాళ్ళని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని డయాలసిస్‌కి తీసుకెళ్ళడం, అయ్యాక మళ్ళీ దింపడం ఆయన పని. ఆ రోజు వ్యానులో నలుగురున్నారు. క్యానుతో డీజిల్ తెప్పించేసరికి గంటన్నర పట్టింది. ఒక పెద్దావిడకి ఆయాసం ఎక్కువై వేరే బండిలో పంపాల్సి వచ్చింది. ఆవిడ గట్టెక్కింది గానీ బావ పీకల మీదికి వచ్చింది. "ముల్లు పావు చూపించింది, ఈ కళ్ళతో చూశాను" అని లబలబలాడాడు. అదేదో తేల్చుకుందామని ఆసుపత్రివాళ్ళు వ్యానుని షెడ్డుకి పంపారు.

ఇక్కడ ఆ షెడ్డు అలవాటొకటి చెప్పాలి. ఎప్పుడో ఒక పెద్దమనిషి "నా బండిలో డీజిల్ మీవాళ్ళు లాగేశారు" అని నానా యాగీ చేశాడట. అప్పట్నుంచి బండి గేటు దాటి లోపలికి రావాలంటే ట్యాంకు నిండుగా ఉండాలి, మూత మీద ఎర్ర టేపు అంటించి ఉండాలి. ఆ టేపు చిరిగిందంటే చింపినవాడి ఉద్యోగానికి నూకలు చెల్లినట్టే. దొంగతనం మాట దేవుడెరుగు, ఇన్నేళ్ళుగా ఆ షెడ్డులో ఎవరూ సగం ఖాళీ అయిన ట్యాంకుని కళ్ళజూసింది లేదు. మరి ముల్లు కిందికి దిగడం ఎవరు పరీక్షించినట్టు? ఈ ప్రశ్న ఒక్కడికీ తట్టలేదు. అందరూ మహా అనుభవజ్ఞులే మరి!

వంతెన మీద ఆగిన వ్యాను కూడా ఆ ఆచారం ప్రకారం దారిలో ట్యాంకు నింపించుకునే వచ్చింది. మేస్త్రి తాళం తిప్పాడు. ముల్లు ఫుల్ దగ్గరికెళ్ళి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "మీటరు సరిగా ఉంది" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. సొంత మనిషైనా మొహమాటపడలేదన్న గర్వం కూడా కాస్త ఉండింది ఆయనకి. ఆ సాయంత్రం బావకి ఫోను చేసి, "వయసు మీద పడుతోంది బావా, ఒకసారి కళ్ళు చూపించుకో" అన్నాడు.

బావని డ్రైవరు సీటు నుంచి తీసేసి, ఆసుపత్రి గేటు దగ్గర వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకునే పనిలో వేశారు. డీజిల్ సగానికి తగ్గకముందే నింపించాలని కొత్త డ్రైవరుకి గట్టిగా చెప్పారు, ఆ వ్యాను మళ్ళీ ఆగలేదు. బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. రోజూ మనవరాలిని సైకిలు మీద బడికి దింపేవాడు కాస్తా, "నా చూపు మీద నాకే నమ్మకం లేదు" అని అదీ మానేశాడు. అక్క తమ్ముడితో మాట్లాడటం మానలేదు గానీ, ఫోను చేస్తే ముక్తసరిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది.

"ఆసుపత్రి వ్యాను రేపే వస్తోంది" అన్నాడు మేనేజరు. "పాతది తియ్యి, కొత్తది పెట్టు, కార్డు మీద టిక్కు కొట్టు. నలభై నిమిషాలు. దాని వెనకాల ఇంకా ఇరవై ఆరు బండ్లున్నాయి."

"తీసే ముందు పాతది ఎలా పనిచేస్తోందో చూడొద్దా సార్?"

"కంపెనీ అడిగిందా? అడగలేదు. మరి మనకెందుకయ్యా లేనిపోని తద్దినం?"

నిజమే. కార్డులో "మార్చాము" అన్న గడి ఒక్కటే ఉంది. పట్టేసే అవకాశం ఉందన్నారు తప్ప, ఏ బండిలో పట్టేసిందో ఎవరూ చెప్పలేదు. పాత ఫ్లోట్ చెత్తబుట్టలో పడిందంటే, వంతెన మీద అబద్ధం చెప్పింది ముల్లో మనిషో ఇక ఎప్పటికీ తేలదు. మేస్త్రి పేరు పదిలంగా ఉంటుంది. బావ గేటు దగ్గరే రిటైరవుతాడు. ఇంతా ఆలోచించుకున్నాక మేస్త్రికి తన మీద తనకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే బావకి ఫోను చేశాడు.

"ఒక గంట పర్మిషన్ అడిగి షెడ్డుకి రా బావా."

"ఇప్పుడేం కొంప మునిగిందిరా?"

"మునిగి ఎనిమిది నెలలైంది. రా."

బావ వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గళ్ళ చొక్కా, నల్ల ఫ్రేము కళ్ళజోడు. తను నడిపిన వ్యాను కనిపించగానే దగ్గరికెళ్ళి తలుపు మీద దుమ్ము అరచేత్తో తుడిచి, తనది కాదని గుర్తొచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మేస్త్రి తలుపు తీసి డ్రైవరు సీటు చూపించాడు.

"నేనెందుకురా? ఇంకెవర్నైనా కూర్చోబెట్టు. నా చూపు సంగతి నీకు తెలుసుగా."

"నువ్వే కూర్చోవాలి. నేను అడిగినప్పుడల్లా ముల్లు ఎక్కడుందో గట్టిగా చెప్పు, చాలు."

బావ గొణుక్కుంటూ ఎక్కి తాళం తిప్పాడు. మేస్త్రి అందరూ చూస్తుండగానే మూత మీది ఎర్ర టేపు పర్రున చింపాడు. పక్క బండి కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్ తల బయటపెట్టి నోరు వెళ్ళబెట్టాడు.

అరవై లీటర్ల ట్యాంకు. మేస్త్రి అడుగున గొట్టం పెట్టి ఐదేసి లీటర్ల క్యాన్లలోకి వదలసాగాడు. మూడు క్యాన్లు నిండాయి.

"ఎక్కడుంది బావా?"

"ముప్పావు."

ఆరు నిండాయి.

"సగం."

తొమ్మిది నిండాయి. "పావు" అన్నాడు బావ. పదోది నిండింది. "పావు." పదకొండోది నిండేసరికి గొంతు తగ్గింది. "పావేరా." పన్నెండో క్యాను సగం దాటాక ధార సన్నబడి, గొట్టం గుటకలు వేసి ఆగిపోయింది. ట్యాంకులో ఇక చుక్క లేదు.

"ఇప్పుడెక్కడుంది?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వెళ్ళి కిటికీలోంచి చూశాడు. ముల్లు పావు దగ్గర నిక్షేపంగా నిలబడి ఉంది. బావ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"ఆ రోజు కూడా ఇక్కడేరా" అన్నాడు. "సరిగ్గా ఇక్కడే."

మేస్త్రి బావ భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు గానీ చేతికి డీజిల్ ఉంది. బల్ల దగ్గరికెళ్ళి కాగితం తీసుకున్నాడు. "ఎనిమిది నెలల కిందట ఈ మీటరుని నిండు ట్యాంకు మీద మాత్రమే చూసి బాగుందని రాశాను. అది నా తప్పు. ఈ రోజు ట్యాంకు ఖాళీ చేసి చూశాను. ముల్లు పావు దగ్గరే ఉంది. డ్రైవరు చెప్పింది నిజం." కింద సంతకం పెట్టాడు.

ఈలోగా టేపు చింపిన కబురు తెలిసి మేనేజరు ఊడిపడ్డాడు. కాగితం చదివి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇది బయటికెళ్తే ఏమవుతుందో తెలుసా? నువ్వు సంతకం పెట్టిన కాగితాలన్నీ పట్టుకుని జనం గేటు ముందు నిలబడతారు!"

"నిలబడనివ్వండి సార్. అవీ మళ్ళీ చూడాల్సిందే."

"నువ్వు చూడక్కర్లేదు. రేపట్నుంచి మీటర్ల జోలికి రాకు. టైర్ల దగ్గరికి పో."

చురుక్కుమంది. ఇరవై రెండేళ్ళ పేరు మరి. అయినా మేస్త్రి మారు మాట్లాడకుండా కాగితాన్ని, ముల్లుని, నిండిన క్యాన్లని ఫోటోలు తీసి, ఆసుపత్రిలో వ్యాన్లు చూసే మేడమ్‌కి పంపేశాడు. కొత్త ఫ్లోట్ బిగించి, క్యాన్లలోంచి డీజిల్ మళ్ళీ ట్యాంకులో పోస్తుండగా ఆవిడే ఫోను చేసింది. బావని గేటు దగ్గరికి పంపింది కూడా ఆవిడే.

"వ్యాను తీసుకురావడానికి మనిషిని పంపాలా?" అంది.

"అక్కర్లేదు మేడమ్. మీ పాత డ్రైవరు ఇక్కడే ఉన్నాడు."

"అయితే ఆయన్నే తీసుకురమ్మనండి. సాయంత్రం ట్రిప్పు కూడా ఆయన్నే వెయ్యమనండి."

బావ ఆ మాట విని తలూపాడు. సీటు తన ఎత్తుకి సరిచేసుకుని, అద్దాలు తిప్పుకుని, "వస్తానురా" అని వ్యాను బయటికి తీశాడు. తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు. నాలుగు తిట్టి పోయినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

బండి దిగినప్పుడు బావ బల్ల మీద పెట్టిన కళ్ళజోడు అక్కడే ఉండిపోయింది. మేస్త్రి తీసి పెట్టుకుని రీకాల్ ఉత్తరం చూశాడు. అక్షరాలు పెద్దవీ కాలేదు, చిన్నవీ కాలేదు. తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకుని చూశాడు. తేడా లేదు. అక్కకి ఫోను చేశాడు.

"బావ కళ్ళజోడు ఇక్కడ మర్చిపోయాడక్కా. ఇందులో పవరేమీ లేదేంటి?"

"ఎందుకుంటుంది? ముగ్గురు డాక్టర్లు చూపు బ్రహ్మాండంగా ఉందన్నారు. వింటేగా ఈయన! పోరు పడలేక మూడో ఆయన వట్టి అద్దాలిచ్చి పంపాడు."

"డాక్టర్లు చెప్పినా నమ్మలేదా?"

"నమ్మలేదురా" అంది అక్క. "మా బామ్మర్ది చూసి మీటరు బాగుందన్నాడంటే బాగున్నట్టే, పోయింది నా కళ్ళే అనేవాడు."