బెల్లం మూట

ఎల్లన్న ముడి వేశాడంటే విప్పడం ఎవరి తరమూ కాదు. మగ్గం మీద తెగిన నూలుపోగును అతికినట్టే మనవరాలి బెల్లం మూటనూ బిగించేవాడు. చీరలు నేయగా మిగిలిన నూలుగుడ్డలో గోలీకాయంత బెల్లం. మూటకొక పోగు, ఆ పోగు ఉయ్యాల తాడుకు. రెండున్నరేళ్ల సుష్మిత అది చీకుతూ నిద్రపోయేది.

గద్వాల చీర అంచు నేయాలంటే మగ్గం మీద ఇద్దరుండాలి. కొడుకు వంశీధర్, కోడలు యమున నేసేవాళ్లు. చూపు తగ్గిన ఎల్లన్న ఉయ్యాల పక్కన కూర్చుని నూలును కండెలకు చుట్టేవాడు. పిల్లను ఊరుకోబెట్టడం అతని పని.

పిల్ల ముందుపళ్లకు గోధుమరంగు తిరిగినప్పుడే యమున అడ్డుపడింది.

"మూట వద్దు మామా. పండ్లు పుచ్చిపోతయని అంగన్‌వాడీ టీచర్ చెప్పింది."

"పాలపండ్లే గదనే, ఎట్లయినా ఊడేటియే. మీ అత్త కట్టిన మూట చీకే పెరిగిండు నీ మొగడు. సచ్చిండా?"

"సావలే. ముప్పై ఏండ్లకే దవడపండ్లు లేవు."

వంశీధర్ మగ్గం ఆడిస్తూనే ఉన్నాడు.

"అది ఏడిస్తే మగ్గం దిగుతవా నువ్వు? నేయి" అన్నాడు ఎల్లన్న కోడలితో.

చచ్చిపోయిన భార్య కిష్టమ్మ చేసింది తప్పంటే ఎల్లన్నకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు ఇంకాస్త పెద్ద మూట కట్టాడు.

ఎండాకాలానికి పళ్లు నల్లటి మొద్దులయ్యాయి. ఒక పొద్దున పిల్ల చెంప ఉబ్బి, కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. దవాఖానకు ఎత్తుకుపోయారు.

"చీము కంటి దాకా పాకింది. ఇంకో రెండు రోజులు ఆగితే పిల్ల దక్కేది కాదు. నాలుగు పళ్లు తీసెయ్యాలి" అన్నాడు డాక్టర్. యమున వైపు తిరిగాడు. "నిద్రలో నోట్లో తీపి పెట్టింది నువ్వేనా? తల్లివేనా అసలు?"

యమున మామ వైపు చూసింది. ఎల్లన్న గోడ మీది కాగితం చదువుతున్నట్టు నిలబడ్డాడు. అతనికి చదువు రాదు.

"నేనే సార్" అంది యమున.

వారం తర్వాత ముందుపళ్లు లేని బోసినోటితో ఇంటికొచ్చిన పిల్ల ఉయ్యాలలో చెయ్యి చాపింది.

"తాతా, మూత" అంది, మూట అనబోయి.

ఎల్లన్న చెయ్యి దానంతట అదే బెల్లం డబ్బా మీదికి పోయింది.

యమున చూసింది. అరవలేదు. ఉయ్యాలకు వేలాడుతున్న పాత మూటను గుంజింది. ముడి రాలేదు. బ్లేడుతో పోగు కోసి, మూటను మురుగు మోరీలో పారేసింది. పిల్లను ఎత్తుకుంది.

"ఇగ ఇది నా ఒళ్లెనే ఉంటది. చీర ఎప్పుడైతే అప్పుడే అయితది. నువ్వు దీన్ని ముట్టకు మామా."

ఒళ్లో పిల్ల ఏడుస్తోంది. మగ్గం ఆగి ఆగి ఆడుతోంది. ఎల్లన్న ఉయ్యాల తాడుకు మిగిలిన పోగును విప్పబోయాడు. ముడి రాలేదు.