ఎర్రగీత అవతలి ఇల్లు

పొద్దున ఎనిమిదింటికి ప్లౌన్‌సురా పంచాయతీ ఆఫీసు తెరవగానే గుమాస్తా సెరైనా చేసే మొదటి పని, ఊరి పటంలో ఇళ్ళు చెరిపి మళ్ళీ గీయడం. అందుకే ఆ పటం పెన్సిల్‌తోనే ఉంటుంది. నలభైమూడు మంది ఉన్న ఆల్ప్స్ కొండ ఊరు. జనన మరణాలూ, నీటి పన్నూ, కుక్కల లైసెన్సులూ, మంచు తోసే బండీ అన్నీ ఆవిడ నెత్తినే. అవి చాలవన్నట్టు ఈ ఇళ్ళొకటి. ఇద్దరికి మాటామాటా పెరిగితే చాలు, మర్నాడు పొగమంచు విడేసరికి వాళ్ళ ఇళ్ళు చెరో వైపూ జరిగి ఉంటాయి. రాజీపడితే దగ్గరికొస్తాయి. గొట్టాలు మాత్రం జరగవు కదా, కుళాయిలో నీళ్ళు రావట్లేదని ఆఫీసు మీద పడేదీ వాళ్ళే.

"మీ నోళ్ళు అదుపులో పెట్టుకోండి, నీళ్ళు అవే వస్తాయి" అని ముప్ఫై ఏళ్ళుగా చెప్పి చెప్పి ఆవిడకి విసుగు పుట్టింది.

అందరికన్నా దూరం జరిగింది మాత్రం ఆవిడ సొంత తమ్ముడు ఫ్లూరిన్ ఇల్లే. తగువంతా అమ్మ మొక్కజొన్న సంకటి వండిన రాగి గుండిగ మీద. అది అమ్మ పోయాక అక్క దగ్గరే ఉండిపోయింది. అమ్మ నాకిస్తానందని వాడు, ఎప్పుడందిరా అని ఈవిడ. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. వాడి కొయ్య ఇల్లు ఏటా కాస్త కాస్త ఎగువకి పాకి, మంచు విరిగిపడే వాగు పక్కన గీసిన ఎర్రగీతకి మూడడుగుల ఇవతల దాకా వచ్చింది. పటంలో సిరాతో గీసింది ఆ గీతొక్కటే. అది దాటిన ఇంట్లో మనిషి ఉండకూడదు, జిల్లా అధికారి వచ్చి సీలు వేస్తాడు. సీలు వేసినా ఫ్లూరిన్ కదలడు. కదలకపోతే ఏదో ఒక చలికాలం మంచు కింద పోతాడు.

శుక్రవారం ఆ అధికారి కొలతలకొస్తాడు. సెరైనా రెండు నోటీసులు పంపింది. రెండూ తిరిగొచ్చాయి, వెనక "గుండిగ ఏది?" అని రాసి. గురువారం ఇక తనే వెళ్ళింది.

"ఒరేయ్, రేపు అధికారి వస్తున్నాడు. ఒక్క మంచి మాట అని చావు, ఇల్లు వెనక్కొస్తుంది."

"ముందు నువ్వను."

"నాకేం ఖర్మ? పోయేది నీ ఇల్లు."

"పోనీలే. నీకు ఒక ఇల్లు గీసే పని తప్పుతుంది."

"నువ్వు పోతావురా మొద్దూ, ఇల్లు కాదు."

"ఆ సంగతి కాగితం మీద రాసి పంపండి గుమాస్తా గారూ, తీరిగ్గా చూస్తాను" అని తలుపేశాడు.

దారంతా తిట్టుకుంటూనే దిగింది. ఇంటికొచ్చేసరికి ఏడుపొచ్చింది. ఈ పొగరుబోతు వెధవ కాస్తా పోతే తను ఇంకెవరితో పోట్లాడాలి?

శుక్రవారం ఎనిమిదింటికి ఏమీ కనపడని పొగమంచులో ఆఫీసుకొచ్చింది. పదింటికి మంచు విడింది. టేపు పట్టుకుని అధికారి వెంట పైకెక్కింది. ఫ్లూరిన్ ఇల్లు ఇంకా ఎగువకి జరిగే ఉంది, కానీ సరిగ్గా గీత ఇవతలే ఆగిపోయింది. ఆగిపోక ఏం చేస్తుంది, వాగుకి అడ్డంగా ఎర్రగీత అవతల ఒక రాతి ఇల్లు నిలబడి ఉంటే? కొయ్య ఇల్లు దాని గోడకి ఆనుకుంది.

"కొయ్యది ఇవతలే ఉంది, ఫరవాలేదు" అన్నాడు అధికారి రాసుకుంటూ. "ఈ రాతి ఇల్లెవరిది?"

సెరైనా ఆ కిటికీల్లోని తన పూలకుండీల వంక చూసింది.

"నాదేనండీ, ఖర్మ."

ఖాళీ చేయమని తన పేరుకి తనే నోటీసు రాసుకుని, పంచాయతీ ముద్ర తనే కొట్టుకుంది. ఆ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరున్నారు గనక. మధ్యాహ్నానికి ఒక చేత్తో పెట్టె, చంకలో గుండిగతో తమ్ముడి తలుపు కొట్టింది. ఫ్లూరిన్ గుండిగ వంక చూశాడు. పైనున్న రాతి ఇంటి వంక చూశాడు.

"బూట్లు బయట విప్పు" అన్నాడు.

ఫిబ్రవరిలో కొండ మీద మంచు విరిగి, వాగంతా నింపుకుంటూ దిగి, మనుషుల్లేని రాతి ఇంట్లో పైకప్పు దాకా కూరుకుని అక్కడే ఆగింది. ఊరంతా గడ్డపారలూ పారలూ పట్టుకుని పరిగెత్తింది. కింది ఇంట్లో ఆ ఇద్దరికీ చప్పుడైనా వినపడలేదు. సంకటి జారైందని ఒకరూ, నీ మొహం నీకేం తెలుసని ఒకరూ గొంతులు చించుకుంటున్నారు.

మర్నాడు సెరైనా పెన్సిల్ చెక్కుకుని చూస్తే, కొయ్య ఇల్లు ఆ గోడని వదిలి అంగుళం కూడా జరగలేదు.