ఈతకొలనులో చేపలు

ట్యునీషియాలోని ప్రాచీన నగరం కార్తేజ్ శిథిలాల రక్షణ సంఘానికి జొహ్రా అధ్యక్షురాలు. పాత గోడకు ఎవరైనా మేకు కొట్టారని తెలిస్తే చాలు, ఆ రోజే ఫిర్యాదు రాసేది. ఆగస్టులో ఆమె కూతురి పెళ్లి. విందు తమ పెరట్లో, కొత్త ఈతకొలను ఒడ్డునేనని బంధువులందరికీ చెప్పేసింది.

కొలను తవ్వుతున్న బెచీర్ మేస్త్రీ మూడోరోజున పార ఆపి ఆమెను పిలిచాడు. నడుము లోతులో, ఏనాటిదో పాత గచ్చు మీద రంగురాళ్లతో పొదిగిన చేపలు బారులుగా కనిపించాయి. జొహ్రా కళ్లు చెమర్చాయి. అంతలోనే పెళ్లి గుర్తొచ్చింది. పురావస్తు శాఖకు తెలిస్తే పని రెండేళ్లు ఆగిపోతుంది.

"ఇసుక పోసి మూసేసి, దాని పైనే కొలను కట్టెయ్ మేస్త్రీ. ఇలాంటివి మట్టికింద ఉంటేనే భద్రం. పెద్ద పెద్ద నిపుణులే చెప్తారు."

"నిజమే మేడమ్. మా బావమరిది వంటిల్లు పెంచుతుంటే ఇలాగే పాతకాలపు స్తంభం బయటపడింది. మీరు ఫిర్యాదు రాసి పని ఆపించారు. పాపం, వాడికి నిపుణులెవరూ తెలీదు."

జొహ్రా చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాలే."

"సంతోషం మేడమ్. ఆ కాగితం వాడి చేతికి రాగానే ఇసుక బండి తోలిస్తాను."

జొహ్రా సంఘం ముద్ర ఎక్కడుందో వెతకడానికి ఇంట్లోకి వెళ్లింది.